మాంసం మానేస్తే కీళ్ల నొప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. రెండు నెలల క్రితం ఒక ఆదివారం వేటమాంసం కూర, కార్జం వేపుడు తిని పడుకున్నారు. తెల్లవారుజామున ఎడమ కాలి బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చింది. వారంలో తగ్గింది. తరువాత పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 8.4 ఉంది. ఆయన బీపీ మాత్రలు వాడుతున్నారు. నాకు 49 ఏళ్లు, మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి. మేక కాళ్ల పులుసు తాగితే గుజ్జు పెరుగుతుందని మా అత్తగారు, ఇద్దరూ మాంసంతో పాటు పప్పు, పాలకూర కూడా మానాలని మా ఆడపడుచు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఇద్దరివీ కీళ్ల నొప్పులే అయినా, మీరు రాసిన లక్షణాలను బట్టి అవి రెండు వేర్వేరు జబ్బులుగా కనిపిస్తున్నాయి. కాబట్టి ఒకరి పథ్యం మరొకరికి పనికిరాదు.

మీ వారిది చాలావరకు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు జబ్బు, కావచ్చు. మాంసంలో ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. రక్తంలో అది డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోగలదు. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాబట్టి కాలి బొటనవేలే తరచుగా ముందు దెబ్బతింటుంది. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 47 వేల మందికి పైగా పురుషులను 12 ఏళ్లు గమనించగా, మాంసం బాగా తక్కువ తినేవారికంటే బాగా ఎక్కువ తినేవారిలో గౌట్ సుమారు 40 శాతం అధికంగా కనిపించింది. ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పుల వల్ల ఆ ముప్పు పెరగలేదు, వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకున్నవారిలో తగ్గింది కూడా. అందుచేత ఆయన పప్పు, పాలకూర, మజ్జిగ నిశ్చింతగా తీసుకోవచ్చు. పూర్తిగా మానవలసినవి కార్జం, మూత్రపిండాలు, బీరు. వేటమాంసం వారానికి ఒకసారి, నాలుగైదు ముక్కలకు మించకుండా చూడండి. నెత్తళ్లు, రొయ్యలు, తీపి కూల్‌డ్రింకులు కూడా తగ్గించాలి.

అయితే ఆ ఒక్క ఆదివారం కూర మీదే నేరం మోపడం న్యాయం కాదు. యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు శరీరమే తయారుచేసుకుంటుంది, దాన్ని బయటికి పంపే పని ప్రధానంగా మూత్రపిండాలది. పథ్యం ఎంత గట్టిగా చేసినా ఆ అంకె సాధారణంగా ఒక పాయింటుకు మించి తగ్గదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే కొన్ని బీపీ మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. మాత్రల చీటీ పట్టుకుని వైద్యుణ్ణి కలవండి, సొంతంగా మాత్రం ఆపకండి. నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే యూరిక్ యాసిడ్‌ను 6 లోపుకు దించే మందులు అవసరమవుతాయి. ఎర్రబడిన కీలుతో పాటు జ్వరం వస్తే అది చీము పట్టడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక మీ మోకాళ్ల సంగతి. మెట్ల దగ్గర పట్టే నొప్పి, మీ వయసు చూస్తే గుజ్జు అరుగుదల మొదలైందనిపిస్తుంది. దానికి మాంసం కారణం కాదు, కాళ్ల పులుసు మందూ కాదు. మీ అత్తగారి ప్రేమను కాదనలేం గానీ, పులుసులోని జిగురు పదార్థం కడుపులో అరిగి ముక్కలైపోతుంది, నేరుగా మోకాటికి చేరి గుజ్జుగా మారదు. పైగా మరిగేటప్పుడు మాంసంలోని ప్యూరిన్లు నీళ్లలోకి దిగుతాయి కనుక, ఆ గిన్నెను మీ వారికి దూరంగా ఉంచండి. మీరు ఒక కిలో బరువు తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాటిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి పైకెత్తి, పది లెక్కపెట్టి దించడం రోజూ రెండు పూటలా చేస్తే తొడ కండరం బలపడి మోకాటికి ఆసరా ఇస్తుంది. నొప్పి మాత్రలను దుకాణంలో అడిగి కొని నెలల తరబడి వేసుకోకండి, అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.