మందుల కంపెనీలు లాభాలు తీసుకుంటుంటే పరిశోధనకు ప్రభుత్వ డబ్బు ఎందుకు?

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఫలితం వస్తుందో రాదో తెలియని తొలి దశలో డబ్బు పెట్టడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు. పేదపిల్లల జబ్బులైతే మరీను.

రోటావైరస్ విరేచనాల సంగతే తీసుకోండి. వాటిని అడ్డుకోవడానికి మన దేశంలో తయారైన టీకాకు మూలమైన వైరస్ రకం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో దొరికింది. అక్కడి నుంచి టీకా దాకా రావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది! కేంద్ర బయోటెక్నాలజీ విభాగంతో పాటు విదేశీ సంస్థలూ డబ్బిచ్చాయి, హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో సుమారు 6,800 మంది పిల్లలపై పరీక్షించాక 2014లో అనుమతి వచ్చింది. 2016లో దాన్ని ఉచితంగా వేయడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో ఐదేసి చుక్కలు, అంతే. పసిపిల్లాడికి సెలైన్ ఎక్కిస్తుంటే పక్కన కూర్చున్న తల్లి టెన్షన్ చూసినవాళ్లకు వాటి విలువ తెలుస్తుంది.

అయితే ప్రజల డబ్బుతో పుట్టిన మందు ధర ప్రజలకు అందుబాటులో ఉండాలన్న షరతు ముందే రాసుకోవాలి. దాని గురించి మనం గట్టిగా అడగాలి. రోటావైరస్ టీకాకు డోసు ఒక డాలరే అని కంపెనీ ముందే మాటిచ్చింది.