పదివేల వోచర్లు, పద్నాలుగు వేల బాకీ

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. మావారు ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు, నేను స్కూల్లో టీచర్‌ని. ఈసారి దీపావళికి బోనస్ బదులు ఒక సూపర్‌మార్కెట్ గిఫ్ట్ వోచర్లు ఇచ్చారు. ఒక్కోటి 2,000 చొప్పున ఐదు. గడువు మార్చి 31. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన అన్నీ కలిపి 9,000కి తీసుకుంటానంటున్నారు. మా అమ్మాయేమో ఎయిర్ ఫ్రయర్ కొనమని గొడవ. నెల సరుకులకి మాకు 4,000 దాకా అవుతుంది. క్రెడిట్ కార్డు మీద 14,000 బాకీ ఉంది, నెలనెలా కనీసం కట్టాల్సిన మొత్తం, అదే మినిమమ్ డ్యూ, కడుతున్నాం. వోచర్లు ఎలా వాడుకుంటే మంచిది?

జవాబు: అమ్మా, వోచర్ల గురించి వివరంగా రాశారు, కార్డు బాకీని మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

చాలా కార్డుల మీద వడ్డీ నెలకి 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. మీది ఎంతో స్టేట్‌మెంట్ వెనక పేజీలో చూడండి. 3.5 అనుకుందాం. 14,000 మీద నెలకి 490. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అదో 88. మొత్తం 578. మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం అనుకుంటే మీరు కట్టేది 700. అందులో అసలుకి జమయ్యేది 122 రూపాయలు. ఈ లెక్కన ఆ బాకీ ఎన్నాళ్లకి తీరుతుందో టీచర్‌గారికి నేను చెప్పక్కర్లేదు.

వోచర్ పట్టుకెళ్లి బ్యాంకులో ఇస్తే కార్డు బాకీ తీరదు. కానీ నెల సరుకులు మీరు ఎలాగూ జీతం డబ్బుతోనే కొంటున్నారు కదా. అవే సరుకులు వోచర్లతో తెస్తే డిసెంబరులో 4,000, జనవరిలో 4,000, ఫిబ్రవరిలో 2,000 చేతిలో మిగులుతాయి. మీ బోనస్ అదీ. చిక్కేమిటంటే ఇలా మిగిలిన డబ్బు చేతిలో నిలవదు. ఒకరోజు బిర్యానీ, ఒకరోజు బీచ్ రోడ్డు, ఇంకోరోజు పెళ్లికి చదివింపులు. నెలాఖరుకి చూస్తే వోచరూ లేదు, డబ్బూ లేదు. అందుకని షాపు నుంచి వచ్చిన రాత్రే, సరుకులు సర్దకముందే, వోచర్లతో ఎంత కట్టారో అంత మొత్తం బ్యాంకు యాప్‌లో కార్డుకి కట్టేయండి. మరుసటి రోజుకి వాయిదా వేయొద్దు. మామూలు మినిమమ్ డ్యూ కూడా ఆపకండి. ఆ 700 లెక్కలోకి తీసుకోకపోయినా ఫిబ్రవరి చివరికి బాకీ 4,700 దగ్గరికి దిగుతుంది. ఈ మూడు నెలలూ ఆ కార్డు ఎక్కడా గీకకూడదు. పాత బాకీ మోస్తున్న కార్డు మీద కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని రోజులంటూ ఉండవు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

ఇక 9,000 ఇస్తానన్న ఆయన సంగతి. తీసిపారేయాల్సిన బేరం కాదు, లెక్క చూద్దాం. ఇవాళే 9,000 కార్డుకి కడితే వడ్డీ కొంచెం ముందే తగ్గుతుంది. మొదటి నెల 4,000 బదులు 9,000 కట్టినందుకు జీఎస్టీతో కలిపి 206 మిగులు. రెండో నెల తేడా వెయ్యి మీదే, 41. అంటే 250 రూపాయల కోసం 1,000 వదులుకుంటున్నారు. 9,700 దాటి ఇస్తానంటే మాత్రం నేనైతే అమ్మేస్తాను, మూడు నెలలు వోచర్లు దాచే టెన్షన్ కూడా తప్పుతుంది. అమ్మినా డబ్బు ముట్టేదాకా వోచర్ల ఫొటో వాట్సాప్‌లో పంపకండి. వోచరు మీద గీకితే కనిపించే నంబరు తెలిసినవాడిదే ఆ డబ్బు. కాగితం మీ దగ్గరున్నా లాభం లేదు.

షాపులో ఏం కొనాలన్నది రెండో సంగతి. అన్నీ అక్కడే కొనేయకండి. కూరగాయలకి మీకు కంచరపాలెం రైతు బజారు ఉంది, బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. చేపలు ఫిషింగ్ హార్బర్‌లోనే. సంక్రాంతి అరిసెలకి బెల్లం కావాలంటే అనకాపల్లి నుంచి వచ్చేవాళ్ల చేత తెప్పించుకోండి. తేనె, చింతపండు గిరిజన సహకార సంస్థ దుకాణంలో బాగుంటాయి. వోచరు వీటికి ఖర్చు చేయకుండా, ఎక్కడ కొన్నా అదే బ్రాండు, అదే ఎమ్మార్పీ ఉండే వాటి మీద పెట్టండి: నూనె, నెయ్యి, టీ పొడి, బట్టల సబ్బు, టూత్‌పేస్టు, శానిటరీ ప్యాడ్లు. వీటి మీద సూపర్‌మార్కెట్లో తగ్గింపు ఉంటే అది అదనపు లాభం. మూడు నెలలకి సరిపడా కందిపప్పు ఒకేసారి తెచ్చి పురుగు పట్టించుకునే పని పెట్టుకోవద్దు. మీ వీధి కిరాణా కొట్టుకి మూడు నెలలు పూర్తిగా మొహం చాటేయడం కూడా మంచిది కాదు. జీతం ఆలస్యమైన నెలలో ఖాతా రాసుకునేది ఆయనే, సూపర్‌మార్కెట్ కాదు.

నూనె ప్యాకెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు పక్కపక్కనే ఉంటాయి, చూపుకి ఒకే సైజు. ఒకటి 910 గ్రాములు, అంటే సుమారు లీటరు. ఇంకోటి 850 గ్రాములు. మొదటిది 160, రెండోది 155 అనుకోండి. చెయ్యి 155 మీదకే పోతుంది. వంద గ్రాములకి లెక్కేస్తే మొదటిది 17.58, రెండోది 18.24. ఈ కూడికలు తీసివేతలు మీరు చేయక్కర్లేదు. గ్రాముకో, కిలోకో ఎంతో చెప్పే యూనిట్ ధర ప్యాకెట్ మీద వేయాలని నిబంధన ఉంది. ఎమ్మార్పీ పక్కనే సన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు తీసుకెళ్లండి.

కౌంటరు దగ్గర ఇంకో బోను. బిల్లు 1,870 అవుతుంది, వోచరు 2,000ది. 'బ్యాలెన్స్ రాదు మేడమ్, 130కి ఏదైనా తీసుకోండి' అంటుందా అమ్మాయి. వెనక క్యూ, ముందు చాక్లెట్లు. నూటికి తొంభైమంది చాక్లెట్లే తీస్తారని నా అనుమానం. చాలా కాగితం వోచర్లకి చిల్లర తిరిగి ఇవ్వరు కాబట్టి బిల్లు వోచరు విలువ దాటేలా, కానీ వందకి మించి దాటకుండా బుట్ట నింపండి. పైన ఉన్న 40, 50 యూపీఐలో కట్టండి. చివర్లో చేర్చడానికి ఉప్పు ప్యాకెట్, గిన్నెల సబ్బు లాంటి పాడవని వస్తువు ఒకటి ముందే అనుకుని వెళ్లండి.

బయల్దేరేముందు వోచరు వెనక చదివి, షాపుకి ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి. ఒకే బిల్లుకి రెండు వోచర్లు వాడనిస్తారా, ఆఫరులో ఉన్న సరుకులకి చెల్లుతాయా, విశాఖలో అన్ని బ్రాంచీల్లో తీసుకుంటారా. బ్యాంకులూ వాలెట్ కంపెనీలూ ఇచ్చే గిఫ్ట్ కార్డులకి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి: 10,000 మించకూడదు, కనీసం ఏడాది గడువు ఉండాలి. మీవి షాపు సొంతంగా అచ్చేసిన వోచర్లలా ఉన్నాయి, వాటికి ఈ రక్షణ లేదు. వెనక రాసిందే వేదం. రాసినదానికి భిన్నంగా షాపువాళ్లు నిరాకరిస్తే మాత్రం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

గడువు మార్చి 31 అయినా ఫిబ్రవరిలోనే ముగించమనడానికి కారణం ఉంది. 2022లో దేశమంతా బిగ్ బజార్ దుకాణాలు మూతపడ్డం చూశాం. ఆ ఏడాది జూలైలోనే వాటిని నడిపిన ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దుకాణమే లేకపోతే వోచరు మీద ఏ తేదీ ఉంటే ఏం లాభం? మా ఇంటి కథ ఇంకా సిగ్గుచేటు. ఒక బట్టల షాపు వోచర్లు 3,000వి మా ఆవిడ భద్రంగా బీరువాలో పట్టుచీర మడతలో పెట్టింది. ఆ చీర మళ్లీ బయటికి తీసేసరికి గడువు దాటి 11 రోజులైంది. మేనేజరుని బతిమాలాను, పని కాలేదు. ఊరందరికీ డబ్బు జాగ్రత్తలు చెప్పేవాణ్ణి! అప్పట్నుంచి మా ఇంట్లో వోచర్లు బియ్యం డబ్బా మూతకి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటాయి, రోజూ కంటపడతాయి.

పన్ను సంగతి క్లుప్తంగా. 2025-26 నిబంధనల ప్రకారం యజమాని ఇచ్చే వస్తువులూ వోచర్లూ ఏడాదికి 5,000 లోపైతే పన్ను ఉండేది కాదు, మించితే జీతంలో కలిసేవి. మీవారి జీతం ఏడాదికి 12 లక్షల లోపు ఉండి కొత్త పన్ను పద్ధతిలో ఉంటే ఎలాగూ పన్ను పడదు.

ఎయిర్ ఫ్రయర్‌కి వస్తే, వోచర్లు రాకముందు మీ ఇంట్లో దాని మాట ఎత్తారా? ఎత్తి ఉంటే బాకీ తీరాక కొనండి, నాకేం అభ్యంతరం లేదు. లేకపోతే అమ్మాయికి ఆ కార్డు స్టేట్‌మెంట్ చూపించి, 578 ఎక్కణ్ణుంచి వచ్చిందో తననే లెక్కకట్టమనండి.