బ్యాంకు గుమ్మం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మాధవికి,

నీ రాతప్రతి అందింది. అమెరికా మహా మాంద్యం గురించి మామూలు పాఠకుల కోసం తెలుగులో పుస్తకం రాయాలన్న నీ పట్టుదల చూస్తే ముచ్చటేసింది. అందుకే ఉన్నమాట చెబుతున్నాను. ఒక పేజీలో 1929 అక్టోబరులో షేర్లు కూలాయన్నావు, తర్వాతి పేజీలో జనం రోడ్డున పడ్డారన్నావు. మధ్యలో ఏం జరిగింది? షేర్లు కొన్నవాళ్లు ఆ దేశంలో కొద్దిమందే. 1933 నాటికి మాత్రం పనివాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు పని లేక కూర్చున్నారు. న్యూయార్క్ షేర్ల బజారు వాల్‌స్ట్రీట్‌లో వచ్చిన నష్టం, షేరు ముఖమే చూడని కూలీ ఇంటిదాకా ఏ దారిన వచ్చిందో చెప్పాలి.

ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ 1955లో 'ది గ్రేట్ క్రాష్, 1929' వేశాడు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ మన దేశానికి రాయబారిగా పంపింది ఈయన్నే. షేర్ల పిచ్చిని అంత రక్తి కట్టించి రాసినవాళ్లు అరుదు. అయితే పైపైన చదివినవాళ్లకు మార్కెట్ కూలడమే గుర్తుంటుంది. ఆదాయాల్లో అసమానత, బ్యాంకుల బలహీనత గురించి ఆయన చివర్లో చెప్పిన మాటలు జారిపోతాయి. 1963లో ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అనా ష్వార్ట్జ్ తమ అమెరికా ద్రవ్య చరిత్ర పుస్తకంలో వేరే లెక్క తీశారు. 1929-33 మధ్య దేశంలో డబ్బు, అంటే జనం చేతిలోని నోట్లూ బ్యాంకు డిపాజిట్లూ కలిపి, సుమారు మూడోవంతు తగ్గిపోతుంటే అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ ఆపలేదని వాళ్ల వాదన. అది లావుపాటి గ్రంథం. మాంద్యం అధ్యాయాన్ని 1965లో విడిగా కూడా వేశారు, ముందు అది చదువు. 2002లో, ఫ్రీడ్‌మన్ తొంభయ్యో పుట్టినరోజు సభలో, అప్పట్లో ఫెడరల్ రిజర్వ్ గవర్నర్లలో ఒకడైన బెర్నాంకీ ఆ తప్పు తమదేనని ఒప్పుకున్నాడు.

ఈ రెండు వాదాలకూ చెరో పేరా ఇచ్చి ఊరుకున్నావు. అలా కుదరదమ్మా. నీకేది నమ్మకం కలిగించిందో తేల్చి చెప్పు. అవతలి వాదంలో బలం ఎక్కడుందో అదీ దాచకు.

నేనైతే 1930 డిసెంబరు 10న న్యూయార్క్ బ్రాంక్స్‌లో మొదలుపెడతాను. 'బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్' శాఖ ముందు వేలమంది గుమిగూడారు. పేరు చూసి సర్కారు బ్యాంకనుకుంటాం గానీ అది ప్రైవేటుది. దాచుకున్నవాళ్లు నాలుగు లక్షలకు పైనే, వాళ్లలో వలస వచ్చిన యూదు కుటుంబాలు చాలా ఉన్నాయి. మర్నాడు బ్యాంకు మూతపడింది. ఇక్కడ ఆగి, నెమ్మదిగా వివరించు. ఒక బ్యాంకు మునిగితే పక్క బ్యాంకు మీద అనుమానం పుడుతుంది. జనం నోట్లు తీసుకుని ఇంట్లో దాచుకుంటారు. బ్యాంకులు కొత్త అప్పులు ఆపేసి పాతవి వసూలు చేస్తాయి. అప్పు పుట్టని దుకాణదారు సరుకు తెప్పించడు, సరుకు కదలని ఫ్యాక్టరీ కూలీని ఇంటికి పంపేస్తుంది.

ఇంత చిక్కు విషయాన్ని మామూలు మాటల్లో చెప్పడమెలాగో 1933 మార్చి 12 నాటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియో ప్రసంగంలో చూడు. అప్పుడు దేశమంతటా బ్యాంకులు మూసి ఉన్నాయి. మీరు వేసిన డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో ఉంచదు, అప్పులుగా తిప్పుతుంది అంటూ అక్కణ్ణుంచి వివరించాడు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటే, జనం తీసుకెళ్లిన డబ్బు తిరిగి వేయడానికి వచ్చారు. ఆ ప్రసంగం పైకి చదువు, ఆ తర్వాత నీ రెండో అధ్యాయం పైకి చదువు. నోరు తడబడిన ప్రతిచోటా తిరగరాసి నాకు పంపు.

ఆశీస్సులతో.