జీతం తక్కువ మాటా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మొన్న నెలాఖరున ఆఫీసులో కూర్చుని మా అమ్మతో ఫోన్‌లో "జీతం పడిందమ్మా" అన్నాను. పక్క సీటులో ఉన్న కన్నడ మిత్రుడు పగలబడి నవ్వి, "అయ్యో, నువ్వు జీతకు ఉన్నావా? మా అందరికీ సంబళ ఇస్తున్నారే!" అన్నాడు. కన్నడంలో జీత అంటే వెట్టిచాకిరీ అట, మన నెలజీతాన్ని సంబళ అంటారట. అప్పటినుంచి ఆ మాట నోట్లోంచి రావడానికి ఎలాగో ఉంది. పైగా శ్రమ ఆర్థికశాస్త్రం మీద ఒక పాఠం తెలుగు చేసే పని నాకు అప్పగించారు. అంతటా 'వేతనం' అని రాసేస్తే మర్యాదగా ఉంటుందా? 'లేబర్ సప్లై'ని 'కార్మిక సరఫరా' అనీ, 'రిజర్వేషన్ వేజ్'ని 'ఆరక్షిత వేతనం' అనీ రాశాను. సరేనా? — ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ మిత్రుడు అన్నది అబద్ధం కాదమ్మా. కన్నడంలో జీత అంటే ఇప్పుడు వెట్టే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ పద్ధతికి దేశంలో ఎక్కడెక్కడ ఏ పేర్లున్నాయో వరసగా చెప్పింది. ఆ వరసలో 'జీత' ఉంది. అది కన్నడం వాళ్ల గొడవ అని మనం చేతులు దులుపుకోవడానికి లేదు. అదే వరసలో మన 'పాలేరు' ఉంది, 'వెట్టి' ఉంది.

కానీ దానికి మాటను తప్పు పడితే ఎలా? జీతం పుట్టింది జీవితం నుంచి. నడుమ 'వి' జారిపోయింది, అంతే. బడిలో ప్రకృతి వికృతులు బట్టీ పట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. మనిషి బతకడానికి ఏది ఆధారమో అది జీతం. అందులో తక్కువతనం ఎక్కడుంది?

వేతనం పెద్దింటి మాట, జీతం మోటు మాట అనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు నేను పాణినిని చూపిస్తుంటాను. 'వేతనాదిభ్యో జీవతి' అని ఒక సూత్రం (4.4.12). వేతనంతో బతికేవాడు వైతనికుడు అని చెప్పడానికి పెట్టింది. వేతనం పక్కన ఆయన తెచ్చి నిలబెట్టిన క్రియ ఏది? జీవతి! పాణిని రెండు మాటల్లో చెప్పినదాన్ని మనవాళ్లు ఒక్క మాటలో ఇమిడ్చి జీతం అన్నారు. అమరకోశం చూసినా వేతనానికి భృతి, భరణం, మూల్యం, పణం అన్నీ పర్యాయాలే. భృతి, భరణం రెండూ పోషించడం అనే ధాతువు నుంచి వచ్చినవి. అక్కడా తిండి మాటే. పని చేసినవాడికి ఇచ్చే భృతిని ఈనాడు పని దొరకనివాడికి ఇచ్చేదానికి పెట్టి 'నిరుద్యోగ భృతి' అంటున్నాం. దాని మీద నాకున్న కోపం ఇంకోసారి చెబుతాను.

ఇక అసలు సంగతి. మీరు జీతం అన్నారు గనక నాకు పద్యం గుర్తుకు రాక తప్పదు. బద్దెన రాశాడని చెప్పే సుమతీ శతకంలోది, మీరూ చిన్నప్పుడు అప్పజెప్పే ఉంటారు.

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ!

దీన్ని పిల్లల పద్యం అని తోసేస్తారు. నన్నడిగితే మీ ఆర్థికశాస్త్రం పాఠం సగం ఇందులోనే ఉంది. మొదట 'అడిగిన' దగ్గర ఆగండి. మామూలుగా దీనికి 'అడిగినప్పుడు జీతం ఇవ్వని' అని తాత్పర్యం చెబుతారు. అంటే బకాయి పెట్టిన దొర. కానీ 'అడిగిన' జీతానికి విశేషణం కదా! 'అడిగినంత జీతం ఇవ్వని' అనీ చెప్పుకోవచ్చు. అప్పుడు అది బకాయి గొడవ కాదు, బేరం. మొదటి అర్థంలో జీతం ముందే కుదిరింది, దొర ఎగ్గొడుతున్నాడు. రెండో అర్థంలో జీతం ఇంకా కుదరనే లేదు, పనివాడు తన ధర చెప్పాడు, దొర మూతి ముడిచాడు. జీతం ఎలా నిర్ణయమవుతుంది అని మీ పాఠంలో ఒక భాగం ఉంటుంది చూడండి, అది ఈ రెండో అర్థానికి సంబంధించినది. నాకు రెండోదే ఇష్టం. అయితే మొదటిది తప్పని చెప్పే ధైర్యం లేదు, ఎందుకంటే దాన్ని నేను అనుభవించాను.

నా తొలి ఉద్యోగం ఒక ప్రైవేటు బడిలో. మూడు నెలలు జీతం ఇవ్వలేదు. నాలుగో నెల ధైర్యం చేసి అడగడానికి వెళ్లాను. యజమాని గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి, "ఏం మాస్టారూ, మీరు కూడా అడగడమేనా?" అన్నాడు. ఆ 'కూడా' ఈనాటికీ చెవిలో ఉంది. మిడిమేలం అంటే నిఘంటువులో గర్వం అని ఉంటుంది. నాకు మాత్రం గల్లాపెట్టె మీద ఆనించిన ఆ మోచెయ్యే కనిపిస్తుంది.

పద్యంలో ఇంకో చమత్కారం. మొదటి పాదంలో జీతం, చివరి పాదంలో బ్రతుకు. సంస్కృతపు బతుకు దొర దగ్గర ఆగిపోతే తెలుగు బతుకు మడిలో దొరికింది! కవికి ఈ సంగతి తెలిసే రాశాడా అంటే చెప్పలేను. కందపద్యం చెప్పేవాడికి డకార ప్రాస కుదిరితే చాలనిపిస్తుంది. అయినా నాకు కనబడ్డాక కనబడలేదని అనలేను కదా.

దొరను వదిలేసి ఎద్దులు కట్టుకునే ఈ దారినే మీవాళ్లు 'రిజర్వేషన్ వేజ్' చుట్టూ చెబుతారు. ఇంతకంటే తక్కువ ఇస్తే నేను రాను అనే గీత అది. పనివాడికి ఇంకో దారి ఎంత బాగుంటే ఆ గీత అంత పైకి పోతుంది. దాన్ని మీరు 'ఆరక్షిత వేతనం' అన్నారు! అది చదివినవాడు ఏ కోటా కింద ఇస్తారని అడుగుతాడమ్మా. మన రైతు నోట్లో నలిగిన మాట ఉండనే ఉంది: గిట్టుబాటు. గిట్టుబాటు ధర ఉన్నప్పుడు గిట్టుబాటు కూలి ఎందుకు ఉండకూడదు?

ఇక్కడ బెంగళూరులోనే మా ఇంటికి రెండు వీధుల అవతల పొద్దున్నే కూలీల అడ్డా కూడుతుంది. కాఫీ తాగడానికి నేను అటే వెళతాను. మొన్న కార్తీకంలో కదిరి వైపు మేస్త్రి ఒకడు తాపీ సంచి పక్కన పెట్టుకుని మూసిన షాపు మెట్టు మీద కూర్చున్నాడు. స్కూటర్ మీద ఒకాయన వచ్చి, "గారె పని, ఎనిమిది నూర్లు" అన్నాడు. (ఇక్కడి తెలుగులో గారె అంటే సున్నం, సిమెంటు పని. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మినప్పప్పు ఎక్కడని వెతకొద్దు.) మేస్త్రి మెట్టు దిగలేదు. "వెయ్యికి తక్కువైతే రాను సార్. ఊర్లో శెనక్కాయ పెరికే కాలం. ఇంట్లో తినుకుంటా ఆ పనే చేసుకుంటా" అన్నాడు. స్కూటరాయన ఇంజన్ ఆపకుండానే తొమ్మిది నూర్లన్నాడు, తొమ్మిదిన్నర అన్నాడు. అప్పుడు లేచాడు మేస్త్రి. వడిగల ఎద్దుల పద్యం అతనికి వచ్చో రాదో గానీ తాత్పర్యం మాత్రం నాకంటే బాగా చెప్పాడు.

అయితే కవి చెప్పని సంగతి ఒకటి ఉంది. ఎద్దులూ మడీ ఉన్నవాడికే ఆ మాట అనడం చెల్లుతుంది. ఏ మడీ లేనివాడు ఏం చేస్తాడు? ఆర్థికశాస్త్రానికి ఆద్యుడనే ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు: యజమాని పనివాళ్లు లేకుండా ఏడాదో రెండేళ్లో నెట్టుకు రాగలడు, పనివాళ్లలో చాలామంది వారం కూడా నెట్టలేరు. యజమానులు కూలి పెంచకూడదని ఎప్పుడూ లోపల్లోపల ఒక కట్టు మీద ఉంటారని కూడా అన్నాడు. ఆ వారం గడవనివాడు పెళ్లికో జబ్బుకో దొర దగ్గర ముందే డబ్బు తీసుకుని, అది తీరేదాకా ఏడాదికేడాది పని చేశాడు. బాకీ తీరలేదు. జీతం అనే మాట మెల్లగా ఆ బాకీ రంగు పులుముకుంది. కన్నడంలో జీత కిందికి దిగింది ఇలాగేనని నా అభిప్రాయం. తెలుగులో కూడా 'జీతానికి పెట్టారు', 'జీతగాడు' అన్నప్పుడు ఆ రంగు కాస్త తగులుతుంది. ఆఫీసులు, బడులు, రైళ్లు వచ్చి నెలజీతం మర్యాదస్తుల చేతికి అందాక మన దగ్గర మాట పైకి లేచింది. కన్నడంలో ఆ చోటును సంబళ ఆక్రమించింది.

సంబళం మనకూ ఉంది. రాయలసీమలో, ఈ ఊరి పాత తెలుగు ఇళ్లలో నిక్షేపంగా వాడతారు. సంస్కృతంలో శంబలం అంటే దారిబత్తెం, ప్రయాణంలో తినడానికి కట్టుకున్న మూట. తమిళంలో సంబా బియ్యం, అళం అంటే ఉప్పు, రెండూ కలిపి సంబళం అని వాట్సాప్‌లో తిరుగుతోంది. వినడానికి బాగుంది, నమ్మడానికి లేదు. లాటిన్ ఉప్పు నుంచి శాలరీ వచ్చిన మాట నిజమే గానీ, రోమన్ సిపాయిలకు ఉప్పు బస్తాలే జీతంగా కొలిచారనడానికి గట్టి ఆధారం లేదు.

బత్తెం భక్తం నుంచి వచ్చిందంటారు. భక్తం అంటే వండిన అన్నం. దీన్ని సంస్కృతంలా కనిపించేట్టు సాగదీసి భత్యం చేశారు. కరువు భత్యం అంటే కరువులో అన్నం, ఎంత చక్కని మాట! జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలను కాస్తానన్నదట అనే సామెతలో రెండూ జంటగా ఉన్నాయి. పైసా ఇవ్వకుండా ఇంటర్న్‌షిప్ అంటూ ఆర్నెల్లు పిల్లల చేత పని చేయించుకునే కంపెనీలు ఈ నగరంలో ఉన్నాయి. అక్కడ తోడేలు ఏ వైపు కూర్చుందో సామెత సరిగ్గా తిప్పి చదువుకోవాలి.

మాటల సరదా ఉన్నవారు గనక ఇదీ చెబుతాను. ఊళ్లో ఒకే దొర ఉండి, ఎవరు పని చేయాలన్నా ఆయన దగ్గరికే పోవాల్సిన పరిస్థితిని 'మొనాప్సనీ' అంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చింది జోన్ రాబిన్సన్, 1933లో. ఆమెకు దాన్ని తయారు చేసి ఇచ్చింది కేంబ్రిడ్జిలో ప్రాచీన భాషల పండితుడు హాల్వర్డ్. చూశారా, ఆర్థికవేత్త భాషావేత్త గడప తొక్కింది! గ్రీకులో ఆ మాట రెండో సగానికి చేపా కూరా కొనడం అని అర్థం. దాని చుట్టం మాటే ఒకటి సిపాయి జీతానికి చెల్లింది. మన బత్తెం లాగానే. తెలుగులో దీన్ని 'కొనుగోలు గుత్త' అంటే సరిపోతుందనుకుంటాను.

కూలి గురించి ఒక్క మాట. ద్రావిడ పదం, తమిళంలో తిరుక్కురళ్ చెప్పిన వళ్లువర్ కూడా వాడాడు. దైవం వల్ల కాని పనికి కూడా ఒళ్లు వంచిన శ్రమ తన కూలి ఇస్తుందన్నాడు. మన హలసూరు చెరువు దగ్గర విగ్రహం ఉన్నది ఆయనదే. ఇంగ్లీషు 'కూలీ' ఇందులోంచి వచ్చిందా, గుజరాత్‌లో కోలీలనే కులంవాళ్ల పేరు నుంచి వచ్చిందా అన్నది తేలలేదు.

ఇక 'కార్మిక సరఫరా'. అది చదవగానే నాకు లారీ కనిపిస్తుంది. సరఫరా చేసేవాడు మేస్త్రి, సరఫరా అయ్యేది మనుషులు అన్నట్టుంది. పాఠంలో సంగతి అది కాదు కదా. ఇంత కూలి ఇస్తే ఇన్ని గంటలు పనిచేస్తాను అని మనిషి తనంతట తాను ముందుకు రావడం అది. 'శ్రమ సరఫరా' అంటే కొంత మేలు, కనీసం లారీ ఎక్కేది మనిషి కాకుండా పోతాడు. కూలి పెరిగేకొద్దీ ఒక మేర దాటాక గంటలు తగ్గుతాయనీ, కూలికీ గంటలకూ గీసిన గీత వెనక్కి వంగుతుందనీ కూడా మీ పాఠంలో ఉంటుంది. మా అడ్డా దగ్గర కాంట్రాక్టర్ల ఏడుపే అది: "మూడు రోజులు వెయ్యి దొరికిందంటే నాలుగో రోజు ఊరికి పోతాడు సార్." పోనివ్వండి. జీతం కొంత చేతిలో పడ్డాక జీవితం కూడా కావాలి కదా.

కనుక పాఠం శీర్షికల్లోనూ చట్టాల పేర్లలోనూ వేతనం ఉండనివ్వండి. 1948 నాటి కనీస వేతనాల చట్టాన్ని కనీస జీతాల చట్టం అంటే ఎవరూ గుర్తుపట్టరు. నెలకు వచ్చేది జీతం, రోజుకు వచ్చేది కూలి. 'ప్యాకేజీ ఎంత?' అని మాత్రం అడగకండి, తీర్థయాత్రకు పోతున్నట్టుంటుంది. మీ మిత్రుడి ఎదుట సంబళం అన్నా నాకు అభ్యంతరం లేదు, అదీ మన మాటే. మీ అమ్మగారితో జీతం అనే అనండి. సంబళం పడిందంటే ఆవిడ ఎక్కడ పడింది, ఎవరికైనా తగిలిందా అని కంగారు పడతారు.