పుట్టిన సంవత్సరం మార్చేస్తే?

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు. నా ఫోన్‌లో 2001లో పుట్టానని పెట్టి ఇన్‌స్టాగ్రామ్ తెరిచాడు. వయసు తనిఖీకి చట్టం వచ్చిందటగా, ఇక టెన్షన్ లేనట్టేనా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అప్పుడే నిశ్చింతగా ఉండకండమ్మా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, అది నిజమైన అనుమతేనని నిర్ధారించుకోవాలి. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ఈ నిబంధన అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే వద్దంది.

మొన్న నల్లగొండలో మా మనవరాలు నా పక్కనే కూర్చుని ఏదో ఆప్ తెరిచింది. పుట్టిన సంవత్సరం అడిగితే వేలితో ఒక్క తోపు తోసింది. అంకెలు గిర్రున తిరిగి 1996 దగ్గర ఆగాయి. ఓకే నొక్కింది. అడిగినవాళ్లు లేరు. నాకు గుండె ఝల్లుమంది.

ఇన్‌స్టాగ్రామ్ సొంత నియమం ప్రకారమే 13 నిండాలి. కాబట్టి బాబును పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకో చెప్పి, ఆ ఖాతా తీసేయించండి. తిట్టకండి, తిడితే స్నేహితుడి ఫోన్‌లో తెరుస్తాడు. వయసు రుజువంటూ ఎవరైనా ఆధార్ ఫోటో వాట్సాప్‌లో పంపమంటే మాత్రం అస్సలు పంపకండి.