మిగిలిన ముక్కలు ఏరించినవాడు: ఒక యువ రచయిత్రికి లేఖ

వేపేరి, చెన్నై

అమ్మాయ్,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన పాటలన్నీ చదివాను, ఫోన్లో పాడి పంపినవి కూడా విన్నాను. గొంతు బాగుంది. తాళం జారదు. ప్రాస కోసం అర్థాన్ని తాకట్టు పెట్టలేదు. ఈ మూడూ ఒకచోట ఉన్నవాళ్ళు మన సంఘాల్లో తక్కువే. పొగడ్త ఇక్కడితో ఆపేసి నువ్వడిగిన ప్రశ్నకొస్తాను.

"వినగానే జనం కదిలిపోవాలంటే ఎలా రాయాలి అంకుల్?" అన్నావు. ఆ ప్రశ్నతో కలం పట్టుకుంటే కదిలించే సరుకు కోసమే వెతుకుతావు. ఒంటరితనం, కన్నీళ్ళు, అందరూ చెయ్యి వదిలేశారు, చివర్లో గొంతు ఒక్కసారిగా పైకి లేచే చోటు. వడపళని స్టూడియోల్లో కీబోర్డు ముందు కూర్చున్న ఏ కుర్రాణ్ణడిగినా ఆ చోటు ఎక్కడ పెట్టాలో చెబుతాడు. సినిమా పాటకైతే ఆ విద్య చాలు. ఆరాధన పాట రాసేటప్పుడు ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఈ పాట పాడి ఇంటికెళ్ళిన మనిషికి దేవుడి గురించి ఏం తెలిసింది?

నీ మొదటి పాట పల్లవే తీసుకుందాం.

పాడెదను ప్రభువా పరవశించి పాడెదను
నా మనసు నా గళము నీకే అర్పించెదను
ఆరాధించెదను ఆనందించెదను
జీవితాంతము నిన్నే ఘనపరచెదను

క్రియలు వేలు పెట్టి చూడు. పాడేది నువ్వు, అర్పించేది నువ్వు, ఆరాధించేది, ఆనందించేది, ఘనపరచేది అన్నీ నువ్వే. మరి దేవుడేం చేస్తున్నాడు? ఏమీ చెయ్యడం లేదు. వింటున్నాడని కూడా నువ్వు చెప్పలేదు. ఆయనెవరో, ఏం చేశాడని ఇంత పరవశమో నాలుగు పాదాల్లో ఎక్కడా లేదు. "ప్రభువా" తీసేసి ఆ చోట ఒక సినిమా హీరో పేరో, పార్టీ నాయకుడి పేరో పెట్టి చూడు, పాట ఎక్కడా కుంటదు. (ఈ ఊళ్ళో అలాంటి పాటలకు కొదవా!) "నేను అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదే" అంటావేమో. తెలుగులో అది రాయక్కర్లేదమ్మా, క్రియ చివర కూర్చునే ఉంటుంది. ఆ పల్లవిలో ఆరుసార్లు కూర్చుంది.

అలాగని పాటలోంచి "నేను"ని గెంటెయ్యమనడం లేదు. ఈమధ్య కొందరు కుర్ర పాస్టర్లు ఆ వాదన పట్టుకున్నారు, ఆరాధనలో "నేను", "నా" అన్న ఊసే రాకూడదట. వాళ్ళ మాట వింటే బైబిల్లోని కీర్తనల గ్రంథంలో చాలా పేజీలు చించాలి. 13వ కీర్తన తియ్యి, ఆరే వచనాలు. ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావు, ఎన్నాళ్ళు మొహం చాటేస్తావు అని దేవుణ్ణి నిలదీస్తాడు దావీదు. నా దుఃఖం, నా శత్రువు, నా కన్నులు, అంతా నా గోడే. అయినా అందులో ఒక్క మాట కూడా తనలో తాను గొణుక్కున్నట్టుండదు. ఎదురుగా ఒకరున్నారు, ఆయన జవాబు చెప్పాలి, చెప్పేదాకా కదలడు.

దాని పక్కన లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడి, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడి, ప్రార్థన పెట్టు. "దేవా" అనే మొదలవుతుంది. కృతజ్ఞతాస్తుతులు కూడా చెల్లిస్తాడు. పద్ధతి ప్రకారం వంక పెట్టడానికేం లేదు. ఆ తర్వాత? నేను ఇతరులలాంటివాణ్ణి కాను, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాను, పదోవంతు ఇస్తాను. అద్దం ముందు నిలబడి దేవుడి పేరు పలుకుతున్నాడంతే. "తనలో తాను" ప్రార్థిస్తున్నాడని సువార్త ముందే చెప్పేసింది. దూరంగా నిలబడిన సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు, కూడా "పాపినైన నన్ను కరుణించు" అనే అన్నాడు. అక్కడా "నన్ను" ఉంది. కానీ ఆ మనిషి చూపు తన మీద లేదు, తన మీద జాలిపడగలవాడి మీద ఉంది.

పాట రాసేవాళ్ళకు 23వ కీర్తనంత మంచి బడి లేదు. చిన్నప్పుడు సండేస్కూల్లో బట్టీ పట్టి ఉంటావు, ఇప్పుడు రచయిత్రిగా చదువు. పరుండజేసేది, నడిపించేది, ప్రాణానికి సేదదీర్చేది, భోజనం సిద్ధపరిచేది, తల నూనెతో అంటేది, అన్నిటికీ కర్త ఆయనే. దావీదు ఎక్కువ చోట్ల "నేను"గా కాదు, "నన్ను"గా, "నాకు"గా ఉంటాడు. ఇంకో సంగతి చూడు. మొదటి మూడు వచనాల్లో ఆయన, ఆయన అంటూ దేవుడి గురించి చెబుతాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయలో అడుగుపెట్టగానే "నీవు నాకు తోడై యుందువు" అంటాడు. పచ్చిక దగ్గర ఆయన, చీకట్లో నీవు. ఆ మలుపు కోసం స్వరం పెంచలేదు, డ్రమ్స్ మోగించలేదు. ఒక్క సర్వనామం మార్చాడు. నువ్వడిగిన కదిలించడం ఇదేనమ్మా, కాకపోతే కదిలించాలని రాసింది కాదు.

క్రియల లెక్క ఒక్కటే చాలనుకోకు, అదీ మోసం చేస్తుంది. నీ రెండో పాటలో కర్త దేవుడే. నన్ను హెచ్చిస్తావు, నా పగవారి ముందు నిలబెడతావు, మూసిన తలుపులు తెరుస్తావు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుని, మంచి వచనం వచ్చిందా లేదా అని పక్కవాళ్ళ కార్డు తొంగి చూస్తాం కదా, ఆ కార్డులన్నీ వరసగా పేర్చినట్టుంది ఆ పాట. దేవుడు పని చేస్తూనే ఉన్నాడు, కానీ మన పనిమీదే తిరుగుతున్నాడు. ఆ వచనాలు అబద్ధమని కాదు. ఇవేవీ ఈ ఏడాది జరగకపోతే వచ్చే డిసెంబరులో ఆ పాట ఏ మొహంతో పాడతాం? హబక్కూకు ప్రవక్త తన గ్రంథం మూడో అధ్యాయం చివర అంజూరపు చెట్టు పూయలేదు, ద్రాక్ష కాయలేదు, చేలో పైరు లేదు, శాలలో పశువులు లేవు, అయినా యెహోవాయందు ఆనందిస్తానంటాడు. అలాంటి పాట ఒకటి రాయి. ఉద్యోగం పోయినవాడు కూడా పాడగలిగేది. నువ్వు పనిచేసే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ ఆఫీసుల్లో ఆ అవసరం ఎంతమందికుందో నాకన్నా నీకే బాగా తెలుసు.

పల్లవి పదేపదే పాడటం తప్పా అని కూడా అడిగావు. కాదు. 136వ కీర్తనలో 26 వచనాలుంటే ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును" అన్న మాటే. అయితే ప్రతిసారీ దాని ముందు ఒక కొత్త పని ఉంటుంది. సూర్యుణ్ణి చేశాడు, ఎర్ర సముద్రాన్ని చీల్చాడు, అమోరీయుల రాజు సీహోనును, బాషాను రాజు ఓగును పడగొట్టాడు, చివరికి సమస్త జీవులకూ ఆహారమిస్తున్నాడు. చరిత్ర పెరిగేకొద్దీ ఆ ఒక్క మాటే బరువెక్కుతుంది. మన దగ్గర ముందు ఏమీ ఉండదు. "ఇంకొక్కసారి", "ఇంకా గట్టిగా", "చేతులు పైకెత్తి" అంటూ లైట్లు తగ్గిస్తూ, కీబోర్డు మీద ఒకే స్వరం సాగదీస్తూ అదే పాదం తిప్పుతారు, జనానికి ఒక ఊపు వచ్చేదాకా. ఊపు వస్తుంది. దానికి కారణం ఫలానా అని చెప్పగలిగినవాళ్ళు ఆ హాల్లో ఎందరుంటారో నాకు అనుమానమే.

ఇది మన కాలానికే పట్టిన జబ్బూ కాదులే. దాదాపు పదహారు వందల ఏళ్ళ కిందటే అగస్టీను అనే బిషప్పు మథనపడ్డాడు. పాడుతున్న సంగతి కన్నా పాడే గొంతే తనను ఎక్కువ కదిలించినప్పుడు తాను పాపం చేసినట్టేనని, అలాంటప్పుడు ఆ పాట వినకపోతేనే బాగుండేదనిపిస్తుందని రాసుకున్నాడు. అయినా సంఘంలో పాట వద్దనలేదు. బలహీనులకు అది ఊతమని ఒప్పుకున్నాడు. ఆ ఇబ్బంది నీకూ ఉండనీ, పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు నీ మూడో పాట. రెండో చరణంలో రెండు పాదాలున్నాయి, అవి చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను.

ఐదువేలకు వడ్డించినాక
మిగిలిన ముక్కలు ఏరించినవాడా

ఈ సంబోధన నీకెక్కడ దొరికింది తల్లీ! సర్వోన్నతుడా, మహోన్నతుడా, అత్యున్నతుడా అని మనవాళ్ళు మెట్లు కట్టి ఎక్కుతుంటారు. ఎన్ని మెట్లెక్కినా ఆయన కనబడడు. ఇక్కడ కనబడ్డాడు. యోహాను ఆరో అధ్యాయంలో ఒక చిన్నవాడి దగ్గరున్నవి ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు. యవలు పేదవాళ్ళ తిండి. అందరూ తృప్తిగా తిన్నాక, ఏదీ నష్టపడకుండా మిగిలిన ముక్కలు పోగుచెయ్యమంటాడు ప్రభువు. పన్నెండు గంపలు నిండాయి. కావాలంటే మళ్ళీ ఐదువేలమందికి పెట్టగలవాడికి ఆ ముక్కలెందుకు? సృష్టించగలవాడు పారెయ్యడు. ఈ ఒక్క సంగతి మీద మూడు చరణాలు నడపొచ్చు, "ఆరాధించెదను" అన్న మాట ఒక్కసారీ రాకుండా.

పెరంబూరు వైపు మన తెలుగు సంఘాలు నువ్వు చూశావో లేదో. కార్పొరేషన్‌లో పారిశుద్ధ్యం పని చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి అక్కడ, తరాల కిందట మన వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పిల్లల పాటల నోటుబుక్కు తెరిస్తే పాట తెలుగే, అక్షరాలు తమిళం. ఆ లిపిలో క, గ, ఘ మూడింటికీ ఒకే అక్షరం, ద రాయాలన్నా త రాయాలన్నా మళ్ళీ ఒకటే. నీ "ఘనపరచెదను" వాళ్ళ నోట "కనపరచెదను" అయ్యే ప్రమాదముంది, అది ఇంకో అర్థం. (ఒక విధంగా అదే మంచి అర్థమేమో.) అలాంటి పుస్తకం పట్టుకుని, తెల్లవారుజామున ఊరు పారేసిన చెత్త ఎత్తి, స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చి కూర్చున్న ఒక అమ్మ "మిగిలిన ముక్కలు ఏరించినవాడా" అని పాడటం ఊహించు. ఆమె కష్టం గురించి నువ్వొక్క మాట రాయలేదు. నీ కన్నీరు కార్చలేదు, ఆమె కన్నీరు అడగలేదు. ఆయన చేసిన పని ఒకటి, చూసింది చూసినట్టు చెప్పావు.

శ్రుతి సంగతి. నువ్వు పాడి పంపినవన్నీ నీ గొంతుకు నప్పే శ్రుతిలో ఉన్నాయి, చరణం చివర నువ్వు అందుకున్న స్వరం సంఘంలో నూటికి తొంభైమంది అందుకోలేరు. ఆదివారం పొద్దున సగం గొంతులు ఇంకా నిద్ర లేవవు. జనం పాడటం మానేసి నిన్ను చూడటం మొదలుపెడతారు. బాగా పాడుతున్నావు కాబట్టే చూస్తారు, చిక్కంతా అక్కడే. వాయిద్యాలు ఆపించి ఒక పల్లవి వట్టి గొంతులతో పాడించి చూడు. పాట నిలబడితే అది సంఘానిది.

పేరు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే యూట్యూబ్‌లో పెట్టే బొమ్మ పంపి బాగుందా అన్నావు. అందులో నీ ఫోటో పెద్దది, నీ పేరు దానికన్నా పెద్దది, పాట పేరు మూలన ఉంది. పేరు పెట్టుకోవద్దనను. మార్గళి నెలలో మైలాపూరు సభల్లో కూర్చుని త్యాగరాజ కృతులు విను. చివరి చరణంలో తన పేరు పెడతాడు ఆయన. కానీ చాలాచోట్ల అది "త్యాగరాజనుత" అని, త్యాగరాజు స్తుతించినవాడా అని, దేవుణ్ణి పిలిచే పిలుపులో కలిసిపోతుంది. పురుషోత్తమ చౌధరి లాంటి మన 19వ శతాబ్దపు కీర్తనకారులూ ఆ పల్లవి, చరణాల అచ్చులోనే రాశారు. మన పాత కీర్తనల పుస్తకం తెరిస్తే పైన రాగం, తాళం ఉంటాయి. రాసినవారి పేరు చిన్న అక్షరాల్లో, ఒక్కోచోట అదీ ఉండదు.

యూట్యూబ్‌లో పెట్టిన పాట ఎవరూ చూడలేదని దిగులు పడ్డావు కదా, దానికి నా దగ్గర మందు లేదు గానీ ఒక సంగతి ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తరంగంబాడి నుంచి 1726లో ఈ ఊరొచ్చాడు. ఇక్కడి తెలుగువాళ్ళ కోసం తెలుగు నేర్చుకుని, కొన్నేళ్ళలోనే బైబిలును తెలుగులోకి తెచ్చాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. అన్నేళ్ళ పని రాతప్రతిగానే ఉండిపోయింది. నీ పాటను నలభైమందైనా విన్నారు.

సరే, పని చెబుతాను. మొదటి పాట పక్కన పెట్టెయ్యి, దాన్ని బాగుచెయ్యాలని చూడకు. రెండోదాంట్లో ఆ మూసిన తలుపుల చరణం తీసేసి, తలుపు తెరుచుకోని రోజు గురించి ఒక చరణం రాసి చూడు. మూడోదాంట్లో ముక్కలు ఏరించిన పాదాలను పల్లవికి తీసుకురా. చరణాల్లో ఆయన పోగుచేసినవి ఇంకా ఏమున్నాయో సువార్తల్లో వెతుకు, నేను చెప్పను. శ్రుతి కనీసం రెండు మెట్లు దించు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పెరంబూరు సంఘంలో ఆ అమ్మల దగ్గర కూర్చుని నేర్పుదాం, వాళ్ళు ఏ మాట దగ్గర తడబడితే ఆ మాట అక్కడికక్కడే మార్చేద్దువు గాని. రికార్డింగు మాట ఆ తర్వాత. అమ్మానాన్నలకు నా వందనాలు చెప్పు.

నీ శ్రేయోభిలాషి,
అంకుల్