డాక్టరు చదువుతూ అంతరిక్షం వైపు చూస్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

ఆస్ట్రోనాట్ అవడానికి ఏ కోర్సు చేయాలని అడిగావు. అలాంటి కోర్సేదీ లేదు తల్లీ. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ డాక్టర్ మే జెమిసన్ 1977లో స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజినీరింగ్, 1981లో కార్నెల్‌లో ఎం.డి. పూర్తిచేసింది. 1983 నుంచి 85 దాకా సియెర్రా లియోన్, లైబీరియాల్లో అమెరికా స్వచ్ఛంద సేవాసంస్థ పీస్ కోర్‌కి వైద్యాధికారిగా పనిచేసింది. నేనైతే ఆ చివరిదానికే ఎక్కువ విలువ ఇస్తాను. పెద్దాసుపత్రి అండ లేనిచోట వైద్యం చేసిన అనుభవం అది.

1985లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకి దరఖాస్తు పెట్టింది. 1986 జనవరిలో చాలెంజర్ అనే స్పేస్ షటిల్ పేలిపోవడంతో ఎంపికలు ఆగాయి. మళ్లీ పెట్టింది. 1987లో సుమారు రెండువేల మందిలోంచి తీసుకున్న 15 మందిలో తనూ ఒకతె. ఎంపికలు ఎప్పుడు ఆగుతాయో తెలియదు, అందుకే నోటిఫికేషన్ కోసం రెసిడెన్సీ (ఎం.డి. తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) వాయిదా వేయకు.

నాసా ఇప్పటి నియమాల్లో గ్రీన్‌కార్డు చాలదు, అమెరికా పౌరసత్వం ఉండాలి. ఎం.డి. ఉంటే వేరే మాస్టర్స్ అక్కర్లేదు. మూడేళ్ల వృత్తి అనుభవం కావాలి, రెసిడెన్సీ కాలం అందులోకి వస్తుంది. కూర్చున్నప్పుడు బీపీ 140/90 దాటకూడదు. అద్దాలు పరవాలేదు కానీ వాటితో రెండు కళ్లకూ 6/6, అంటే మామూలు పూర్తి చూపు, రావాలి. అద్దాలు లేకుండా చేసే లేసిక్ కంటి ఆపరేషన్ చేయించుకుంటే ఏడాది గడవాలి, కాబట్టి ఆఖరి నిమిషంలో ఆ పని పెట్టుకోకు. రెజ్యుమేలో ప్రతి ఉద్యోగానికీ మొదలైన నెల, ముగిసిన నెల, వారానికి గంటలు రాయి. అవి లేకపోతే నీ అనుభవాన్ని లెక్కకట్టలేరు.

రెసిడెన్సీలో ఏది చేసినా అల్ట్రాసౌండ్ చేతికి బాగా అలవాటు చేసుకో. స్పేస్ స్టేషన్‌లో సీటీ, ఎమ్మారై ఉండవు. బరువులేనిచోట మనకు తెలిసిన పనులే ఎలా తిరగబడతాయో కూడా చదువు. సెలైన్ సీసా ఎత్తున కట్టినా చుక్క దిగదు, పంపుతో నెట్టాలి. గాలిబుడగలు పైకి తేలవు, ద్రవంలోనే కలిసి ఉండిపోతాయి, వాటిని వేరుచేయకుండా సిరలోకి ఎక్కించకూడదు. ఆగిన గుండెను ఆడించడానికి ఛాతీ మీద నొక్కితే రోగి ఒకవైపు, నువ్వొకవైపు పోతారు. రోగిని పట్టీలతో బిగించి, నీ కాళ్లు ఎదుటి గోడకు తన్నిపెట్టి నొక్కాలి.

1992 సెప్టెంబరు 12న ఎండీవర్ షటిల్‌లో బయల్దేరి, ఎనిమిది రోజుల్లో జెమిసన్ చేసిన ప్రయోగాల్లో ఎముక కణాలూ, అంతరిక్షంలో వచ్చే వాంతులూ ఉన్నాయి. ఈ సెలవుల్లో ఆ రెంటిలో ఒకటి ఎంచుకుని, దాని మీద పనిచేసే ల్యాబ్‌కి ఉత్తరం రాయి. పంపేముందు నాకు చూపించు.

మీ పెదనాన్న